కాస్త కలర్ పెంచు బాబూ!

ఫొటోకి ఎంత ఎడిటింగ్ చేస్తే ఎక్కువైనట్టు? పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు దీనికి ఎప్పుడో తీర్పు చెప్పేశారు. మన అమ్మాయి ఫొటోకి చేస్తే టచప్, అవతలివాళ్ళ అబ్బాయి ఫొటోకి చేస్తే మోసం. ఇంత స్పష్టంగా ఏ న్యాయస్థానమూ చెప్పలేదు.

ఈ చట్టం ఎలా అమలవుతుందో చూడాలంటే ఏ ఊళ్ళోనైనా ఫొటో స్టూడియోకి వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి వెనక నిలబడితే చాలు. అక్కడ ముందే ఒక తల్లిగారు నిలబడి ఉంటారు.

"కాస్త కలర్ పెంచు బాబూ."

పెంచాడు. ఇంకాస్త అన్నారు. ఇంకాస్త పెంచాడు. ముఖం తెల్లబడింది గానీ చెవులూ మెడా పాత రంగులోనే ఉండిపోయాయి. "మెడకీ వేసెయ్. చేతులొద్దులే, కొంగు కప్పేద్దువు గాని" అన్నారావిడ. తర్వాత కుడి చెంప మీది పుట్టుమచ్చ దగ్గరికొచ్చింది విషయం. తీసెయ్యమంటారా ఆంటీ అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడ్డారు. "అయ్యో, మచ్చ అదృష్టం! కాకపోతే ఆడపిల్లకి ఎడమ పక్కనుంటే ఇంకా కలిసొస్తుందంటారు. మార్చగలవా?" కుర్రాడికి అదెంత పని? ఫొటో మొత్తం అద్దంలోలా తిప్పేశాడు. మచ్చ ఎడమకొచ్చింది. దాంతోపాటు పైట కుడి భుజం ఎక్కింది, వాచీ కుడిచేతికి మారింది. "పైటెవరు చూస్తారు, మచ్చ చూస్తారు గానీ" అని ఖరారు చేసేశారు. అమ్మాయి మాత్రం ఫోన్లోంచి తలెత్తి, "అమ్మా, ఎవరిదే ఈ ఫొటో?" అంది.

పాపం, కంప్యూటర్‌ని అనకండి. ఫొటోషాప్ బజారులోకి వచ్చింది 1990లో. ఈ కోరికలు అంతకు చాలా ముందువి. ఫిల్ము రోజుల్లో రీటచింగ్ చేసేవాళ్ళు పెన్సిల్‌ని సూదిలా చెక్కుకుని, నెగటివ్ మీద ముడతలున్న చోట సన్నగా రుద్దేవాళ్ళు. నెగటివ్‌లో నల్లబడ్డ చోటు ప్రింటులో తెల్లబడుతుంది. అత్తగారి నుదుటి గీతలు అలా మాయమయ్యేవి. కాకపోతే పెన్సిల్ పనికి గంటలు పట్టేది కాబట్టి ఆశకీ ఒక హద్దుండేది. ఇప్పుడు పని క్షణాల్లో అయిపోతోంది, హద్దు చెరిగిపోయింది.

పని తెలిసినవాళ్ళకి నేటికీ ఒక నియమం ఉంది: వారంలో పోయే మొటిమని చెరపొచ్చు, మనిషితో ఉండిపోయే మచ్చని ముట్టుకోకూడదు. చక్కటి నియమం. మనవాళ్ళకీ సమ్మతమే. చిక్కల్లా మేనిరంగుతోనే. అది వారంలో పోయేది కాదు, అసలు లోపమే కాదు. అయినా స్టూడియోలో చెరిపించే మొదటి మచ్చ అదే. 2020లో ఓ పేరున్న క్రీము కంపెనీ తన డబ్బా మీంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసి 'గ్లో' అని పెట్టుకుంది. మన నోళ్ళలోంచి మాత్రం ఎవరూ తీయలేకపోయారు.

మగవాళ్ళకేదో మినహాయింపు ఉందనుకునేరు. కూడలిలో ఫ్లెక్సీ చూడండి. అరవై దాటిన నాయకుడికి పాతికేళ్ళ చెంపలు. కింద వరసలో నిలబడ్డ ముప్ఫైమంది అనుచరులూ ఒకే పిండితో వేసిన ఇడ్లీల్లా ఉంటారు. పేర్లు రాయకపోతే ఇంట్లోవాళ్ళే పోల్చుకోలేరు.

బయటి దేశాల్లో కొందరికి ఇలాంటివి గిట్టవు. 2003లో ఓ బ్రిటిష్ పత్రిక ముఖచిత్రం మీద నటి కేట్ విన్స్‌లెట్‌ని సన్నగా సాగదీస్తే, నేనలా ఉండను, ఉండాలనీ లేదు అని ఆమె ఎదురుతిరిగింది. మన తల్లిగారికి చెబితే, "ఉచితంగా సన్నం చేస్తే గొడవెందుకట?" అంటారు. ఫ్రాన్సులో 2017 అక్టోబరు నుంచి ప్రకటనల్లో మోడళ్ళ ఒంటిని సన్నగానో లావుగానో మారిస్తే, రీటచ్ చేసిన ఫొటో అని దానిమీద రాయాలి. రాయకపోతే 37,500 యూరోల జరిమానా. అయితే ఆ చట్టం ఒంటి తీరుకే. చర్మం మీది మెరుగులకి అది అడ్డురాదు. తెలుగుదేశానికి తెచ్చినా మన స్టూడియోల్లో ఒక్క కేసూ పడదు.

మనం లొంగే చట్టం ఇంకోటి ఉంది. అదే స్టూడియోకి అదే తల్లిగారు అదే అమ్మాయిని వీసా ఫొటోకి తీసుకొచ్చినప్పుడు చూడాలి. రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్ళజోడు తీసెయ్యాలి, ఆరు నెలల్లోపు తీయించుకున్నదై ఉండాలి, మార్పులేవీ చేయకూడదు. "ఏమీ ముట్టుకోకు బాబూ, ఎలా ఉందో అలాగే ఉండనీ, అమెరికావాళ్ళు ఒప్పుకోరట!" కాబోయే వియ్యంకుడికి చెప్పనక్కర్లేని నిజం నానక్‌రాంగూడ కాన్సులేటుకి మాత్రం చెప్పి తీరాలి.

అందుకని నాదొక మనవి. సంబంధాల ఫొటోలకీ వీసా నియమాలే పెట్టేద్దాం. అబ్బాయికీ అమ్మాయికీ తెల్ల గోడ, ఉన్న రంగు, ఉన్న చెవులు. ఒక్కటే ఇబ్బంది. అంత నిజం చూశాక కూడా ఇద్దరూ సరేనన్నారంటే నిజంగానే నచ్చారన్నమాట. ఇక ఆ సంబంధంలో కట్నం మాట ఎత్తడం మహా కష్టం.