చుక్క నూనెకు నోచుకోని వెబ్లీ

తాతల నాటి రివాల్వర్ అని చెప్పుకోవడానికి అందరూ ముందుంటారు. ఆ తాత పోయాక దానికి చుక్క నూనె వేసినవాడు మాత్రం కనపడడు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సాయంత్రాలు కాకినాడలో తెలిసినవాళ్ల తుపాకుల షాపులో కూర్చుంటుంటాను. లైసెన్సున్న షాపే లెండి. అక్కడికొచ్చే పాత ఆయుధాల అవతారం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మొన్న ఒక కుర్రాడు వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ ఫోర్ తెచ్చాడు, .32 బోరు. లైసెన్సు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఇతనికి మారిందట. రివాల్వర్ మాత్రం తోలు పౌచ్‌లోంచి కదల్లేదు. పౌచ్‌లో ఉంటే భద్రం అనుకుంటారు జనం. తోలు ఊనేటప్పుడు వాడిన ఉప్పులూ ఆమ్లాలూ అందులోనే మిగిలుంటాయి. దానికి తోడు మన సముద్రపు గాలిలోని చెమ్మంతా పీల్చి ఇనుముకు పట్టిస్తుంది. మా రోజుల్లో పౌచ్ నడుముకు కట్టుకోవడానికే. డ్యూటీ దిగగానే ఆయుధం బయటికి తీసి, క్లీనింగ్ రాడ్‌కి ఫోర్ బై టూ గుడ్డ తగిలించి, బ్యారెల్ తుడిచి, ఆయుధాలు దాచే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో అప్పగించేదాకా టీ నీళ్లు కూడా ముట్టనిచ్చేవారు కాదు.

ఇతగాడు పౌచ్ విప్పి రివాల్వర్ నా చేతికిచ్చాడు, మూతి నా వైపే పెట్టి! "ఖాళీయేనా?" అంటే "ఖాళీయే అనుకుంటానండీ" అన్నాడు. ఆయుధం విషయంలో అనుకోవడాలేమిటి? నెమ్మదిగా మడత విప్పి చూస్తే రెండు చాంబర్లలో తూటాలున్నాయి. ఇత్తడి కేసులకు పచ్చటి చిలుం కట్టి లోపలే అతుక్కుపోయాయి. గట్టిగానే చీవాట్లు పెట్టాను. సుత్తి మాట ఎత్తకుండా నూనెలో నానబెట్టి, మెల్లగా వాటిని బయటికి తీశాం. ఆ తర్వాతే తుప్పు సంగతి.

వెబ్లీ పనితనం తెలిసినవాళ్లకు అది ఎంత సొగసో తెలుసు. 1887లో బ్రిటిష్ సైన్యం మార్క్ వన్ తీసుకున్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఎడమ పక్కనున్న లాచ్‌ను బొటనవేలితో నొక్కితే బ్యారెల్ కిందికి వంగుతుంది, సిలిండర్ మధ్యనున్న నక్షత్రం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి కాల్చిన కేసులన్నీ ఒక్కసారే బయటికి నెడుతుంది. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ చేసిన .32 రివాల్వర్ కూడా ఈ వంశమే. ఇతని దాంట్లో ఆ నక్షత్రం సిలిండర్‌లో పాతేసినట్టుంది. సందులో నూనె వేసి, పక్కన పెట్టి, రోజూ ఒక చుక్క వేస్తూ ఆగాలి. "యూట్యూబ్‌లో పది నిమిషాల్లో చేసేశారండీ" అంటాడు. వీడియో పది నిమిషాలే నాయనా, పని కాదు.

తుప్పు కంటే నన్ను భయపెట్టేది బఫింగ్ వీల్. ఇంకొకాయన ఎక్కడో చక్రం మీద తెగ రుద్దించి, నికెల్ పూత వేయించి, కొత్త మోటారుసైకిల్ సైలెన్సర్‌లా మెరిపించుకొచ్చాడు. బ్యారెల్ అంచులన్నీ కరిగి గుండ్రంగా అయిపోయాయి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలు పోయాయి, సీరియల్ నంబర్ సగం పోయింది. అందం సంగతి అటుంచండి, గుర్తింపు నంబర్ చెరిగిన ఆయుధం ఇంట్లో పెట్టుకుంటే 1959 ఆయుధాల చట్టం ఊరుకుంటుందా? లైసెన్సులో ఉన్న నంబరూ చేతిలోని వస్తువూ కలవకపోతే రేపు రెన్యువల్‌కి వెళ్లి ఏం సమాధానం చెబుతాడు?

మేం తుప్పు తీయాలంటే గ్రిప్పులు ముందే తీసి పక్కన పెట్టేవాళ్లం. స్క్రూ గాడి వెడల్పును బట్టి స్క్రూడ్రైవర్ కొనను సాన పట్టేవాళ్లం. ఇప్పుడు డబ్బాలో డజను వస్తాయి, ఒక్కటీ సరిగ్గా కూర్చోదు, జారి గాడి నోరు చింపేస్తుంది. ఆపైన నూనె, ముట్టుకుంటే గుచ్చుకోనంత సన్నటి స్టీల్ వూల్, చెయ్యి. అంతే. ఎర్ర తుప్పు మరీ మొండికేస్తే, జిడ్డంతా పోగొట్టి, శుభ్రమైన నీళ్లలో విడి భాగాలను మరిగిస్తే అది నల్లగా మారుతుంది. మెత్తటి వైరు బ్రష్షుతో ఆ నలుపు రాల్చేస్తే, కింద మిగిలిన పాత నీలిరంగు మిగిలినట్టే ఉంటుంది. గుంటలు పడ్డచోట పడ్డట్టే వదిలేయాలి. వాటిని పూడ్చలేం. చదును చేయాలని చుట్టూ అరగదీస్తే ఉన్న ఇనుమే పోతుంది.

మా రోజుల్లో అందరూ బుద్ధిమంతులేనని అనను. జమీందార్ల దివాణాల్లో ఆయుధాలు తుడవడానికే మనుషులుండేవారు, అది వాళ్ల జీతం. మనుషులు పోయారు, ఆయుధాలు బీరువాల్లో మిగిలిపోయాయి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక్కొక్కరి దగ్గర రెండుకు మించి ఉండకూడదన్నాక, మూడోది అప్పగించడానికి చాలామంది ఆ బీరువాలు తెరిచారు. అప్పుడు చూడాలి వాటి గతి.

ఎలక్షన్లొస్తే ఆయుధాల డిపాజిట్ ఒకటి. పౌచ్‌తో సహా పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ఓట్ల లెక్కింపయ్యాక కూడా నెలల తరబడి తెచ్చుకోరు. నూనె రాసి, నూనెగుడ్డలో చుట్టి, పౌచ్ విడిగా ఇమ్మని ఆ కుర్రాడికి చెప్పాను. సరేనన్నాడు. ఎక్స్‌ట్రాక్టర్ ఇంకా కదలనేలేదు, ట్రిగ్గర్ వరకైనా బంగారం పూత వేయిద్దామా అని అడుగుతున్నాడు. ఆ బంగారమేదో ఇంట్లో ఆవిడ గాజులకు పెట్టమన్నాను.