పెన్సిలు వ్రాతకు టీకా తాత్పర్యము

అవతారిక. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన నాటినుండియు గుంటూరు, ప్రకాశము సీమలలో పుస్తకములకును, వానిని ఎరువు పట్టుకొనిపోయి తిరిగి యీయనివారికిని కొఱత యెన్నడును లేదు. అట్టి యొకానొక గ్రంథాలయమున (పేరు చెప్పుట మర్యాద గాదు; పుస్తకముపై వ్రాయుట జుల్మానాకు తగిన నేరము) పింగళి సూరన కళాపూర్ణోదయమునకు వచనరూపమైన ప్రతి కడపటి పుటలో, ఎఱ్ఱని వ్రేలిమరకల నడుమ, పేరు లేని చదువరి యొకరు తమ యభిప్రాయమును ఐదు వాక్యములలో నిక్షేపించి పోయిరి. పదునాఱవ శతాబ్దిని నంద్యాల కృష్ణమరాజునకు అంకితమైన యీ శృంగారాద్భుత కథపై 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారము ప్రకటించిరి; 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును దీనిని ముద్దుచప్పుడను పేరిట ఇంగ్లీషు చేసిరి; మన చదువరికి మాత్రము ఇంతవఱకు వ్యాఖ్యాత దొరకలేదు. మూలమున లేని దానిని వ్రాయనని ప్రతిన పట్టిన మల్లినాథసూరికి నమస్కరించి, ఆ ప్రతిన జోలికి పోక, పని మొదలిడుచున్నాము.

మూలము. "కథ బాగుంది. తల తిరిగింది. రంభలు ఇద్దరెందుకో. సుగాత్రి భాగం రెండుసార్లు చదివాను. పెద్దలకు మాత్రమే."

టీక. బాగుంది = ఇది పెండ్లివిందులో ఆకుముందు కూర్చుండి మర్యాదకు పలుకు బాగుంది గాదు; గుంటూరు మిరపకాయల యార్డులో వ్యాపారి బస్తా విప్పించి, అడుగునుండి కాయ తీసి, తుంచి, వాసన చూచి, తాలు ఎంత కలిసినదో కంటితోనే తూచి, ధర తగ్గించుటకు వేఱు దారి కానక పలుకునట్టిది.

తల తిరిగింది = స్తుతియా, నిందయా? ద్వారకలో ఉయ్యాలలూగు కలభాషిణి రంభప్రియుడగు నలకూబరునిపై మనసుపడి రంభ రూపము తాల్చుటయు, మణికంధరుడు రంభపై మనసుపడి నలకూబరుని రూపము తాల్చుటయు, అసలువారును మాఱువారును ఎదురుపడి నీవెవ్వతెవన్న నీవెవ్వతెవని కలహించుటయు, అంతటితో పోక ఆ మాఱువారిరువురే మఱుజన్మమున కళాపూర్ణుడును మధురలాలసయునై పుట్టుటయు నొక్క కథలో ఇమిడియుండగా, తల తిరుగనివాడు నడుమ పుటలు దాటవేసినవాడని యెఱుంగునది. కట్టమంచివారు కథానిర్మాణచాతుర్యమని మెచ్చినదియు నిదియే. గుణమొక్కటి, తలలు వేఱు.

రంభలు ఇద్దరెందుకో = తన సొగసునకును తన ప్రియుని వలపునకును సాటి లేదని రంభ విఱ్ఱవీగుట నారదుని చెవిని పడినందున. ఇంతకన్న విచారము వలదు.

సుగాత్రి భాగం = ఇచ్చట వ్యాఖ్యాత కొంచెము ఆగవలసియున్నది. కాశ్మీరమున శారదాపీఠముకడ అర్చకుని కూతురు సుగాత్రి. తల్లి నగలు తొడిగి, పట్టుచీర కట్టి, గంధము పూసి పడకటింటికి పంపినన్ని నాళ్లు మగడు శాలీనుడు ఆమెవంక కన్నెత్తి చూడలేదు. అత్తగారు విసిగి అల్లుని తోటపనికి తఱిమినపిమ్మట, సుగాత్రి తల్లి కన్నుగప్పి నగలూడ్చి, చీర బిగించి, అతనితోపాటు పాదులు త్రవ్వుచుండగా, దుమ్మును చెమటయు నలదుకొన్న ఆ మేనిని చూచి ఆతడు వలచెను. దేవలోకపు విమానములు, మాయారూపములు, బ్రహ్మసరస్వతుల ముద్దుమురిపెములు ఇన్ని యుండగా మన చదువరి రెండుమాఱులు చదివినది ఈ మట్టిపని ఘట్టమును. ఏలయన, మాఘఫాల్గుణములలో నల్లరేగడి చేలయందు మూతికి గుడ్డ కట్టి మిరపకాయ కోసి, కల్లమున ఆరబోసి, తాలు ఏఱి, రాత్రి దీపము క్రింద మండుచున్న వ్రేళ్లతో పుట త్రిప్పినవారికి రంభ సొగసు వినికిడి మాట. సుగాత్రి సొగసు పక్కసాలులో నడచునది. ప్రబంధనాయికల నగలు లెక్కించుటలో కాలము పుచ్చిన పండితులకు ఇంతటి వివేకము అబ్బుట మేము చాల తక్కువగా చూచితిమి.

చదివాను = ఈ క్రియ చదివినవారు స్త్రీయో పురుషుడో తెలుపదు. పాదులు త్రవ్వుదానిని చూచి మురిసినవాడో, నగలు లేకయే వలపింపవచ్చునని ఊఱట నొందినదో, మరకలను బట్టి నిర్ణయింపరాదు. మేము రెండవదానికే మ్రొగ్గుచున్నాము, ఆధారమడుగవలదు.

పెద్దలకు మాత్రమే = నిషేధమా, సిఫారసా? 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించి ప్రకటించిన ముద్దుపళని రాధికాసాంత్వనమును అశ్లీలమని దొరతనమువారు నిషేధించిరి. ప్రకాశము సీమకు తన పేరిచ్చిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నుండగా ఆ సంకెల వీడినది. సర్కారు నిషేధించిన పుస్తకమును జనులు చాటున వెదకిరి. పెన్సిలుతో నిషేధించిన దీనిని, వెనుక అంటించిన చీటీపై తేదీముద్రలు చూడగా, వెదకనివారు లేరు. కావున సిఫారసే.

తాత్పర్యము. మూలముకన్న సుబోధకముగా వ్రాయుట మాకు సాధ్యముగాదు కావున వ్రాయలేదు.

పాఠాంతరము. ఐదవ వాక్యము క్రింద నీలిసిరాతో "రెండుసార్లు ఎందుకు చదివారో మాకు తెలుసులే" అని కలదు. దస్తూరి వేఱగుటచే దీనిని ప్రక్షిప్తమని త్రోసివేయుచున్నాము. దానికి దిగువ పెన్సిలుతోనే "తెలిస్తే నోరు మూసుకో" అని యున్నది, ఇది మూలకర్తదే.