ఒక్కసారి రాయండి, ఊరూరా దిద్దండి

సాఫ్ట్‌వేర్ లోకంలో ఎప్పటికీ ఉద్యాపన లేని నోము ఒకటుంది: ఒకే కోడ్, అన్ని ఫోన్లూ. ఆండ్రాయిడ్‌కో టీమ్, ఐఫోన్‌కో టీమ్ ఎందుకు దండగ? క్రాస్‌ప్లాట్‌ఫామ్‌లో ఒక్క టీమ్‌తో రాయిస్తే ఖర్చు సగం! మిగతా సగం ఎవరు కడతారని అడిగిన పాపాన పోయేవాడు మీటింగులో ఒక్కడూ ఉండడు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు జావాతో పాటు ఉపదేశించిన మంత్రం ఇది: ఒక్కసారి రాయండి, ఎక్కడైనా నడపండి. చేతులు కాలినవాళ్లు దాన్ని 'ఒక్కసారి రాయండి, ప్రతిచోటా బగ్గులు ఏరుకోండి' అని సవరించుకున్నారు. ఆ తర్వాత దేవుళ్లు మారారు గానీ మంత్రం మారలేదు. ఫోన్‌గ్యాప్ అనే ఫ్రేమ్‌వర్కును 2011లో అడోబీ చేజిక్కించుకుంది, 2020లో దీపం ఆర్పేసింది. జామరిన్ అనే మరోదాన్ని 2016లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2024 మే 1తో సపోర్టు ఆపేసింది. నమ్ముకున్న యాప్‌లు మూటాముల్లె సర్దుకున్నాయి. ఒక్కసారి రాయడమంటే ఫ్రేమ్‌వర్కుకు ఒక్కసారి అని కాబోలు!

పెద్దవాళ్ల సంగతీ అంతే. హెచ్‌టీఎంఎల్5 మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవడమే తమ కంపెనీ చేసిన అతి పెద్ద పొరపాటని 2012లో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ నలుగురిలో ఒప్పుకున్నాడు. 2015 వచ్చేసరికి అదే కంపెనీ రియాక్ట్ నేటివ్ అనే క్రాస్‌ప్లాట్‌ఫామ్ ఫ్రేమ్‌వర్కును లోకం మీదికి వదిలింది. ఎయిర్‌బీఎన్‌బీ దాన్ని 2016లో నెత్తిన పెట్టుకుని 2018లో దించేసింది. రెండు ప్లాట్‌ఫామ్‌ల బాధ తప్పుతుందనుకుంటే మూడు మెడకు చుట్టుకున్నాయని వాళ్ల ఇంజినీర్లే రాశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆ మూడోది ఎలా పుడుతుందో చూడండి. ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూడా డెలివరీ కుర్రాడు ఎక్కడున్నాడో యాప్‌కు తెలియాలి. ఆండ్రాయిడ్‌ది ఒక పద్ధతి, ఐఫోన్‌ది ఇంకో పద్ధతి. రెంటినీ కలపడానికి ఎవరో పుణ్యాత్ముడు తీరిక వేళల్లో రాసిన ప్లగిన్ ఉంటుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రాగానే అది పడకేస్తుంది. పుణ్యాత్ముడి అయిపు ఉండదు. ఇక ఒకే భాష చాలన్న డెవలపరు అర్ధరాత్రి ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ ఫైలొకటి, ఐఫోన్‌కు స్విఫ్ట్ ఫైలొకటి తెరుస్తాడు. ఫ్లట్టర్ ఫ్రేమ్‌వర్కు భాష డార్ట్ ఎలాగూ ఒళ్లోనే ఉంది.

ఒక్కో ఫోన్‌కు విడిగా రాయాలనే నేటివ్ భక్తులు అంతలోనే మురిసిపోనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా'ను ఒక తీరున కూర్చి పంపితే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. తప్పు ఏ ప్లగిన్‌దీ కాదు, అక్షరాలు చూపించే ఆపిల్ వారి సొంత సరుకుదే. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ కుదుటపడలేదు.

నాలుగు ఫారాలు, రెండు లిస్టులు ఉన్న యాప్‌కు ఫ్లట్టర్ బ్రహ్మాండంగా సరిపోతుంది. కెమెరా, బ్లూటూత్, లొకేషన్ మీదే బతికే యాప్‌నూ అదే గాటన కట్టడమే విడ్డూరం. కోడ్ మొదలెట్టేముందు మీ యాప్ ఫోన్‌లో ఏయే భాగాలను ముట్టుకుంటుందో కాగితం మీద రాసుకోండి. జాబితా పొడుగైతే ఆండ్రాయిడ్ మనిషినీ ఐఫోన్ మనిషినీ ఇప్పుడే జీతానికి పెట్టుకోండి. లేదంటే రేపు ఆ ఇద్దరే వస్తారు, కన్సల్టెంట్ల రేటుకి.