నిజానికో మంత్రిగారు

2014 మార్చిలో క్రిమియా రష్యా చేతికి చిక్కగానే అక్కడ ఉక్రెయిన్ టీవీ చానళ్లు మూగబోయాయి. ఆ జులైలో రష్యా ఛానల్ వన్ ఇంకో మెట్టెక్కింది. స్లొవియాన్స్క్‌లో ఉక్రెయిన్ సైనికులు మూడేళ్ల పిల్లాణ్ని మేకులు కొట్టి చంపారని ఒకావిడ చేత చెప్పించింది. ఆధారం మాత్రం నేటికీ దొరకలేదు.

కీవ్‌లోని ఉక్రెయిన్ ప్రభుత్వం ఊరుకుంటుందా? డిసెంబరులో ఏకంగా సమాచార విధాన మంత్రిత్వ శాఖే పెట్టేసింది. స్థానిక పాత్రికేయులు దానికి ఆర్వెల్ నవలలో అబద్ధాలు వండే ‘సత్య మంత్రిత్వ శాఖ’ పేరు తగిలించారు. మంత్రిగారున్నా, లేకున్నా అబద్ధాలు ఆగలేదు. 2019లో శాఖే ఆగిపోయింది. క్రిమియా అంచున చొంగార్‌లో నిలబెట్టిన ప్రసార టవరూ, ఆక్రమిత ప్రాంతాల కోసం 2020లో ప్రధానంగా రష్యన్ భాషలో మొదలైన ‘దోమ్’ చానలూ కొంత నయమనిపించాయి. జనానికి అర్థమయ్యే భాషలో మాట్లాడాలని తట్టడానికి ఆరేళ్లే పట్టింది మరి!

ఇక 1918 నాటి ప్రభుత్వ వార్తాసంస్థ ఉక్రిన్‌ఫార్మ్. మాస్కో ప్రచారాన్ని ఉతికి ఆరేయాల్సిన ఈ సంస్థలోనే, ఎవరి మాటలు వేయాలో, ఎవరివి వద్దో చెప్పే జాబితా తిరిగిందని 2024లో ఉక్రెయిన్ పత్రికే బయటపెట్టింది. వద్దన్నవాళ్లలో ప్రతిపక్ష నేతలూ ఉన్నారు. అదే ఏడాది డైరెక్టరూ మారారు.

కొత్తగా వచ్చినాయన అంతకుముందు సైన్యానికి అధికార ప్రతినిధి.