మూతపడిన తూము ఆత్మకథ

చెరువుకట్ట అడుగున, ఆయకట్టుకు అవసరమైనప్పుడు నీటిని వదలడానికీ అవసరం తీరగానే ఆపడానికీ రాతితో కట్టిన మార్గాన్ని తూము అంటారు. ఇక్కడ తన చరిత్ర తానే చెప్పుకొంటున్న తూము శిలాశాసనాల కాలంలో పుట్టినది కావడం చేత, ఆ శాసనాల పద్ధతినే పాటించి తనను గురించి ప్రథమపురుషలో చెప్పుకొంటుంది. తాను పెద్దతిప్పసముద్రం చుట్టుపక్కల ఏ చెరువుదో మాత్రం చెప్పదు, ఎందుకంటే ఆ సీమలోని తూములన్నిటి బతుకూ ఇంచుమించు ఒక్కటే. కన్నడంలో తూబు, తమిళంలో తూంబు అని పిలిపించుకొనే ఈ కట్టడానికి, మూడు భాషలూ కలిసే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో పరాయి ఊరంటూ లేదు.

ఈ సీమలో సముద్రమంటే ఉప్పునీళ్లది కాదు. వంకకు అడ్డంగా, రెండు గుట్టల నడుమ కట్ట వేస్తే నిలిచే పెద్ద చెరువునే ఇక్కడివాళ్లు సముద్రమన్నారు. కుప్పం దగ్గరి పరమసముద్రమైనా, కందుకూరు దగ్గరి వ్యాససముద్రమైనా ఆ లెక్కన పేరు పొందినవే. ఏడాది వాన కొద్ది రోజుల్లోనే దంచికొట్టి వంకల వెంట పారిపోయే నేలలో, పారేదాన్ని పట్టి నిలుపుకోవడం తప్ప మరో దారి లేకపోయింది. పై చెరువు నిండి మరవ పారితే, అంటే కట్ట చివర మిగులు నీరు పొర్లిపోయే రాతి అంచు మీదుగా నీరు దూకితే, అది కింది చెరువుకు చేరేది. ఇలా ఒకదాని మిగులు ఇంకొకదానికి అందేలా వరుసగా కట్టిన వాటిని గొలుసుకట్టు చెరువులంటారు.

తూము శరీరం చెప్పుకోదగ్గంత వింతదేమీ కాదు. నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి కంబాలు, వాటిని కలుపుతూ మెట్లుమెట్లుగా అడ్డరాళ్లు, ఆ అడ్డరాళ్ల బెజ్జాల గుండా దిగిన పొడవాటి కొయ్య, కొయ్య కొసన బిరడా, ఆ బిరడా సరిగ్గా కూర్చొనేలా అడుగు బండలో తొలిచిన రంధ్రం: ఇంతే. నీరుగంటి, అంటే ఊరి తరఫున నీళ్లు పంచే మనిషి, కట్ట దిగి ఈదుకుంటూ వచ్చి, కంబాన్ని ఒక చేత్తో కరుచుకొని, రెండో చేత్తో కొయ్యను బెత్తెడు ఎత్తేవాడు. ఆ బెత్తెడుకు ఎన్ని మళ్లు తడుస్తాయో, అవి ఏ పొద్దుకు తడుస్తాయో అతని అరచేతికి తెలిసినంతగా ఏ కాగితానికీ తెలియదు. కొయ్య లేవగానే అడుగున నీరు గరగరమని సుడి తిరిగేది, కాసేపటికి ఆ చప్పుడు సన్నబడి ధారగా మారేది.

చెరువులు కట్టడం గురించి ఆ కాలపువాళ్లకు స్పష్టమైన శాస్త్రమే ఉండేది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు గురించి 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ లెక్కగట్టి, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు పెట్టి రెండేళ్లపాటు పని చేయించినట్టు చెబుతుంది. ఆ ఆరు దోషాల్లో రెండు రాజ్యాల ఎల్లలో చెరువు ఉండడం ఒకటి; ఎగువన వాన కర్ణాటకలో కురిసి, దిగువన కట్ట ఆంధ్రలో ఉన్న పల్లెలవాళ్లకు ఆ దోషం అర్థం కావడానికి పండితుడు అక్కర్లేదు. వ్యాససముద్రానికైతే ఒక పురాణమే ఉంది: కృష్ణదేవరాయల (1509–1529) గౌరవం పొందిన మధ్వ యతి వ్యాసరాయలు ఆ చెరువు కట్టిస్తుండగా పెద్ద బండ అడ్డుపడితే, ఆయన శిష్యుడు కనకదాసు మంత్రానికి యముడి దున్నపోతే దిగివచ్చి దాన్ని తొలగించిందనీ, అందుకే అక్కడి తూముకు కనకదాసు పేరు వచ్చిందనీ అంటారు. బండను కదిలించిన దున్నపోతుకు దక్కిన కీర్తి, ఆ తరవాత తరతరాలు నీళ్లు పంచిన నీరుగంటికి దక్కలేదన్నది తూము మనసులోని చిన్న కష్టం.

అంగాలన్నీ కట్టేటప్పటి మాటలు. కట్టినదాన్ని నిలుపుకోవడానికి దశబంధం అనే ఏర్పాటు వచ్చింది. చెరువు కట్టినవాడికో, పూడిక తీసి గండ్లు పూడ్చి దాన్ని బాగుచేసే బాధ్యత మోసేవాడికో కొంత భూమినో ఆ చెరువు కింది ఆదాయంలో పదో వంతునో వదలడం దశబంధం. కడప, చిత్తూరు సీమల్లో ఈ ఈనాములు ఎక్కువ. నీరుగంటికి పంట కళ్లంలోనే గింజలు కొలిచేవాళ్లు. చెరువు ఎండితే కళ్లమూ ఎండుతుంది కాబట్టి, అతని కూడు చెరువు నీళ్లలోనే ఉండేది. ఆ ముడి మెల్లమెల్లగా తెగింది. ఈనాములు రద్దయ్యాయి, మరమ్మతు ప్రభుత్వ శాఖల పద్దుకు చేరింది, 1997 చట్టం ద్వారా రైతులకే నిర్వహణ అప్పగించేందుకు నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి; కానీ అప్పటికే పొలం పొలానికీ బోరుబావి దిగి, ఎవరి మీట వాళ్ల చేతికి వచ్చేసింది. మదనపల్లె మార్కెట్టుకు పోయే టమాటా చెరువు కింద కాక బోరు కింద, బిందు సేద్యం గొట్టాల వెంట పండుతోంది. లోతుకు పోయేకొద్దీ కొన్నిచోట్ల నీళ్లతో పాటు ఫ్లోరైడూ పైకొచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే పళ్లకూ ఎముకలకూ హాని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పదార్థం అది.

ఇక పారిశుద్ధ్యం మాట. చెంబు పట్టుకొని చెరువు దిక్కుకు పోవడం ఒకప్పుడు ఎంత మామూలంటే, చెరువుకు పోవడమన్న మాటే మర్యాదకు చాటుమాట అయింది. కట్ట వెనక ఉన్న తూముకు ఆ మర్యాద లోపలి సంగతి బాగా తెలుసు. మరుగుదొడ్లు వచ్చాక ఆ సమస్య ఇంటి పెరట్లోకి మారింది. వాటిలో రెండు గుంతల దొడ్డిని చూసి తూము తన చుట్టాన్నే చూసినట్టు సంతోషించింది: దొడ్డి వెనక చిన్న పెట్టెలో కాలువ రెండుగా చీలుతుంది, అందులో ఒక దారికి ఇటుక అడ్డం పెడతారు, మొదటి గుంత నిండగానే ఇటుకను ఆ పక్కకు మార్చి రెండో గుంతకు దారి తీస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లు ఊరుకుంటే మొదటి గుంతలోని మలినం వాసన లేని ఎరువు అవుతుంది. బావికి దూరంగా, అడుగున నేలలోకి ఇంకేలా గుంత కట్టుకోవాలన్న షరతు తప్పదు, ఎందుకంటే ఇక్కడి నేల అడుగున గట్టి రాయి, ఆ రాతి పగుళ్లలో మురికి జల్లెడ పట్టకుండానే పారిపోతుంది. సెప్టిక్ ట్యాంకులో అయితే మలినం నిలవ ఉండిపోతుంది. దాన్ని లారీలో తోడి ఏ వంకలోనో గుమ్మరిస్తే, గొలుసుకట్టు చెరువు పుణ్యాన కింది ఊరికే చేరుతుంది. కుళాయి ఇంటింటికీ వచ్చాక ఒంటి మీద పోసుకున్న నీళ్లూ, గిన్నెలు కడిగిన నీళ్లూ వీధిలోకి వచ్చాయి. వాటికి ఇంకుడు గుంత తవ్వి, అంచున అరటిచెట్టు పెట్టుకొన్న ఇళ్లలో దోమలు తగ్గుతాయి, తవ్వనిచోట ఆ నీళ్లు కాలువ వెంట చెరువులోకి దిగి, దాని మీద గుర్రపుడెక్క పరుస్తాయి.

ఆఖరి మలుపు తూముకే ఊహకందలేదు. చెరువు కింద బోర్లే ఆధారమైన ఊళ్లలో, కాలువకు నీళ్లు వదలడం కంటే చెరువులోనే నిలిపి భూమిలోకి దింపితే అందరి బోర్లూ ఊరుతాయని రైతులు ఆలోచించి, కొన్నిచోట్ల తూములను మూసేశారు; అలా ఇంకడానికే ఉంచిన చెరువును ఊట చెరువు అంటారు. ఇంకిన నీళ్లను ఎవరెంత తోడాలన్న లెక్క కోసం 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం వచ్చింది. చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల నీటిమట్టం కొలిచి, వానకు తగ్గ పంట లెక్క వేసుకొన్న పథకం కూడా నడిచింది. ఆ తరవాత వాననీటికి తోడు బయటి నీరూ వచ్చింది: 2025 ఆగస్టు 30న, హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి ఎత్తిపోతల మీద వచ్చిన కృష్ణానీటికి పరమసముద్రంలో జలహారతి ఇచ్చారు.

తూము రంధ్రంలో ఇప్పుడు ఇసుక మూటలు, వాటి మీద బంకమట్టి. కొయ్య ఏనాడో చీకిపోయింది, అడ్డరాళ్ల బెజ్జాల్లో పిచ్చుకలు గూళ్లు పెట్టాయి. వానాకాలంలో కట్ట దిగువ బావిలో నీరు ఒకటి రెండు మెట్లు పైకి వచ్చిన రోజున, ఆ నీరు తన రంధ్రం గుండా కాక తన పునాది చుట్టూ ఇంకి పోయిందని తూముకు తెలుసు.