నానిన చాపకు టీకా తాత్పర్యం

మూలం:
అడుగు వేటు వెంట, వాదర దారి వెంట
నడువ నానిన చాప తెగును. పిడి నలిపిన వంగును.

అవతారిక: ఐరోపా కత్తిసామును పాత గ్రంథాలు ముందేసుకుని మళ్లీ నేర్చుకుంటున్నవారికి చెప్పిన మాట ఇది. ప్రాస కుదిరింది; యతి అడగరాదు.

ప్రతిపదార్థం: అడుగు వేటు వెంట = కుడినుంచి వేసే వేటుతోపాటే కుడికాలు ముందుకు సాగగా; వాదర దారి వెంట = అలుగు వాలు, అది పోయే దారి ఒక్కటి కాగా; నానిన చాప = చుట్టచుట్టి, రాత్రంతా నీళ్లలో ఉంచి, మేకుకు నిలువుగా గుచ్చిన జపాన్ తతామి చాప; తెగును = రెండగును; పిడి నలిపిన = పళ్లు బిగించి బలం చూపిన; వంగును = నలుగురిలో పరువు తీయును (ఇది ధ్వని).

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: అసలు ఈ విద్యే టీకల మీద బతికింది. జర్మన్ గురువు యోహానెస్ లీష్టెనావర్ తన పాఠాన్ని గూఢమైన ద్విపదల్లో దాచాడు. అవి కొరుకుడు పడక రింగెక్ వంటివారు 15వ శతాబ్దంలో వ్యాఖ్యలు రాశారు. రోమ్‌లోని ఒక ప్రతి మీద 1452 అని ఉంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మెదక్ సీమలో కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసును విప్పి చెప్పాడు. వేటు వెంట అడుగు వేయాలన్నది ఆ జర్మన్ వ్యాఖ్యాతల మాటే. 1570లో యోఆహీమ్ మేయర్ మనిషిని నాలుగు భాగాలు చేసి, ఏ వేటు తర్వాత ఏది వేయాలో అంకెలు వేసిన పటమే అచ్చువేశాడు.

పూర్వపక్షం: చాప తిరిగి కొట్టదు కదా, దాన్ని నరికితే ఏం వస్తుంది?

సమాధానం: మొద్దుకత్తుల పోటీలో అలుగు కాస్త పక్కకు తిరిగినా దెబ్బ తగిలినట్టే కనబడుతుంది. చాప దగ్గర ఆ ఆటలు సాగవు. తెగిన ముఖం చూడండి. నున్నగా, చదునుగా ఉంటే వేటు సరైనది. గరిటెతో తోడినట్టు లోపలికి వంపు తిరిగితే మణికట్టు మధ్యలో తిరిగింది. అవతలి అంచున నాలుగు పోగులు వేలాడితే చివర్లో అలుగు దారి తప్పింది. కుడిచేతివాటం వారికి ఎడమవైపు వేటులోనూ, కిందినుంచి పైకి లేపే వేటులోనూ ఈ పోగులు ఎక్కువ. పలుచని, వెడల్పాటి అలుగు కొనుక్కుంటే ఈ లోపాలు కొంత మాసిపోతాయి; దాన్ని సాధన అనడం అన్యాయం.

పాఠాంతరం: "నానిన చాప"కు బదులు "నిండిన సీసా" అని కొందరు చదువుతారు. చాప ధర విన్నవారు దిద్దిన పాఠం కాబోలు. సరైన వేటుకు పైసగం తెగిపడి, కిందిసగం నీళ్లతో అలాగే నిలబడుతుంది. తప్పు వేటుకు సీసా మొత్తం లేచిపోతుంది, అందుకే ఆ దిక్కున ఎవరినీ నిలబడనివ్వరు.