యువ తరంగం, నాలుగేళ్లకోసారి

అమెరికా అధ్యక్ష ప్రైమరీల్లో యువ ఓటరుకు రెండే రుతువులు. జనవరి వచ్చేదాకా అతను తరంగం, మార్చి దాటితే సోమరి. తరంగమని జోస్యం చెప్పినవారే సోమరి అని తీర్పూ చెబుతారు. రెండు పనులకూ టీవీ స్టూడియోలో కుర్చీ అదే, పారితోషికమూ అదే. పార్టీ అభ్యర్థిని తేల్చే ఈ తొలి అంచె పోరులో ఓటేసేవాళ్లు మొత్తంమీదే తక్కువ, వాళ్లలో తల నెరిసినవాళ్ల వాటా ఎక్కువ. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలిసిన సంగతిని నాలుగేళ్లకోసారి మరిచిపోగలగడమే ఎన్నికల విశ్లేషణ అనే వృత్తికి పెట్టుబడి.

ఈ శాస్త్రానికి ఆది గ్రంథం 1968 నాటి న్యూహాంప్‌షైర్ ప్రైమరీ. వియత్నాం యుద్ధం వద్దంటూ సెనేటర్ యూజీన్ మెకార్తీ సొంత పార్టీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీదే పోటీకి దిగారు. కాలేజీ కుర్రాళ్లు గడ్డాలు గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని ఆయన కోసం మంచులో ఇల్లిల్లూ తిరిగారు. ఈ క్షౌర ఉద్యమానికి ‘క్లీన్ ఫర్ జీన్’ అని పేరు. మార్చి 12న మెకార్తీకి 42 శాతం ఓట్లొచ్చాయి. బ్యాలెట్ మీద పేరే లేని జాన్సన్‌కు 49 శాతం మంది చేత్తో రాసి మరీ వేశారు. గెలిచింది జాన్సనే, కానీ నెలాఖరుకల్లా ఆయన బరిలోంచి తప్పుకున్నారు. యువశక్తి గురించి రాసే ప్రతివారూ ఈ కథ చెబుతారు, ఒక్క ముక్క మాత్రం మింగేస్తారు. అప్పట్లో ఓటు వయసు 21. ఇల్లిల్లూ తిరిగినవారిలో చాలామందికి ఓటే లేదు. యువ ఓటు సాధించిన మహా విజయంగా చెప్పుకునేది ఓటు లేని యువత సాధించింది.

1971లో 26వ రాజ్యాంగ సవరణ వచ్చి 18 ఏళ్లకే ఓటు దక్కింది. మరుసటి ఏడాది జార్జ్ మెక్‌గవర్న్ డెమోక్రాట్ల అభ్యర్థిత్వం గెలుచుకోగానే కొత్త ఓటర్లు అధ్యక్షుడు నిక్సన్‌ను ముంచేస్తారని లెక్కలు కట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 24 ఏళ్ల లోపువారిలో ఓటేసింది దాదాపు సగం మంది. నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు. తరంగం మసాచుసెట్స్‌నూ రాజధాని వాషింగ్టన్‌నూ తడిపి వెనక్కి పోయింది.

తర్వాత మూడు దశాబ్దాలు పెద్దగా చెప్పుకోవలసింది లేదు. 2004లో హోవర్డ్ డీన్ ఇంటర్నెట్‌తో చందాలు పోగుచేసి, యువతను కూడగట్టి అందరికన్నా ముందున్నట్టు కనిపించారు. అయోవాలో ప్రచారానికి వేలమంది వాలంటీర్లు నారింజరంగు టోపీలు పెట్టుకుని దిగారు. కెమెరాలకు పండగే. జనవరి 19న లెక్క తేలేసరికి జాన్ కెరీకి 38 శాతం, డీన్‌కు 18 శాతం, అదీ మూడో స్థానం. నారింజ టోపీల్లో అత్యధికులు బయటి రాష్ట్రాలవాళ్లు, అయోవాలో వాళ్లకు ఓటు లేదు. కనబడే యువత వేరు, ఓటున్న యువత వేరు అని 1968లోనే రుజువైనా, రెండో రుజువు కూడా ఎవరికీ చాలలేదు.

2008 మాత్రం నిజంగా వేరు, అందుకే దాని నుంచి నేర్చుకున్నదీ తక్కువ. అయోవాలో ఒబామా విజయాన్ని ప్రత్యర్థులు ముందే ఊహించలేకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో అయోవా కాకస్ అంటే చీటీ పెట్టెలో వేసి ఇంటికి పోవడం కాదు. చలికాలం రాత్రి బడిలోనో చర్చిలోనో చేరి, డెమోక్రాట్లయితే తమ అభ్యర్థి గుంపులో నిలబడి తలలు లెక్కపెట్టించుకోవాల్సి వచ్చేది. గదిలో 15 శాతం మంది కూడని గుంపు చెదిరి ఇంకో గుంపులో కలవాల్సి వచ్చేది. ఇంత ఓపిక కుర్రాళ్లకు ఉండదన్నది నమ్మకం. పైగా ఆ ఏడు కాకస్ జనవరి 3న, కాలేజీలకు సెలవులు. ఒబామా సభల్లోని జనం ఫేస్‌బుక్‌లా ఉన్నారని హిల్లరీ క్లింటన్ సలహాదారులు నవ్వుకున్నారు. అయోవాలో చదువుకునే బయటి రాష్ట్రాల విద్యార్థులూ వచ్చి ఓటేయొచ్చని ఒబామా శిబిరం చెబితే, చట్టం ఒప్పుకుంటున్నా ప్రత్యర్థులు గుర్రుమన్నారు. ఒబామా మనుషులు హైస్కూళ్లకూ వెళ్లారు. నవంబరుకల్లా 18 నిండేవారు 17 ఏళ్లకే కాకస్‌లో పాల్గొనవచ్చన్న నిబంధన అప్పటిదాకా పుస్తకంలోనే ఉండేది, వీళ్లు దాన్ని పిల్లల చేతికిచ్చారు. 2004లో సుమారు 1.24 లక్షలున్న డెమోక్రాట్ల హాజరు 2.39 లక్షలకు చేరింది. 30 ఏళ్ల లోపువారిలో 57 శాతం ఒబామా వైపు, 11 శాతం హిల్లరీ వైపు నిలిచారని సర్వే తేల్చింది. ఇక కథ ముగిసిందని పండితులు ప్రకటించిన అయిదో రోజున న్యూహాంప్‌షైర్‌లో హిల్లరీ గెలిచారు, అది వేరే ముచ్చట.

ఈ మొత్తం వ్యవహారం నుంచి సలహాదారులు గ్రహించిన పాఠం: యువతకు ఫేస్‌బుక్ అంటే ఇష్టం. హైస్కూలు గడప తొక్కిన సంగతి పాఠంలోకి ఎక్కలేదు. అందులో కాంట్రాక్టులు రావు.

పాఠం ఫలం 2015లో కనిపించింది. చదువు అప్పు మీకెలా అనిపిస్తోందో మూడు ఎమోజీల్లో చెప్పమని హిల్లరీ ప్రచార బృందం ట్విటర్‌లో విద్యార్థులను అడిగింది. 74 ఏళ్ల బెర్నీ శాండర్స్ ఎమోజీల జోలికి పోకుండా ప్రభుత్వ కాలేజీల్లో ఫీజులు ఎత్తేస్తానన్నారు. 2016 అయోవాలో 30 ఏళ్ల లోపువారిలో 84 శాతం ఆయనకే పడ్డాయి. దీన్ని వివరించే బాధ్యత స్త్రీవాద నేత గ్లోరియా స్టైనెమ్ తీసుకున్నారు. అబ్బాయిలు ఎక్కడుంటే అమ్మాయిలూ అక్కడికే పోతారన్నట్టు మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. తోటి ఆడవాళ్లకు సాయపడనివారికి నరకంలో ప్రత్యేక స్థానం ఉంటుందని మాజీ విదేశాంగ మంత్రి మడలిన్ ఆల్‌బ్రైట్ గుర్తుచేశారు. నరకానికి సిద్ధపడిన న్యూహాంప్‌షైర్ యువతులు పదికి ఎనిమిది మంది లెక్కన శాండర్స్‌కే వేశారు. ఆ సీజన్ మొత్తంమీద 30 ఏళ్ల లోపువారి నుంచి ఆయనకు వచ్చిన ఓట్లు 20 లక్షలు దాటాయి. హిల్లరీకీ ట్రంప్‌కూ కలిపినా అన్ని లేవు. అభ్యర్థిత్వం మాత్రం హిల్లరీకి దక్కింది, ఎందుకంటే పెద్దవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

సోమరితనం సిద్ధాంతానికి ఇక్కడ నిబంధనల పుస్తకం చేసిన సాయం చెప్పకపోతే అన్యాయమవుతుంది. న్యూయార్క్ ప్రైమరీ 2016 ఏప్రిల్ 19న జరిగింది. అందులో పార్టీ సభ్యులకే ఓటు. వేరే పార్టీ కింద నమోదైనవారూ, ఏ పార్టీ రాయించుకోనివారూ మార్చుకోవాలంటే గడువు 2015 అక్టోబరు 9, అంటే ఆరు నెలల ముందు. ఈ గడువు దాటబెట్టుకున్నవారిలో ఇవాంకా ట్రంప్, ఎరిక్ ట్రంప్ కూడా ఉన్నారు. కన్నతండ్రి పోటీలో ఉంటే, చుట్టూ వకీళ్లుంటే, వాళ్లకే అంతుబట్టని గడువు హాస్టల్లో ఉండే పందొమ్మిదేళ్ల పిల్లకు తెలియకపోతే అది యువత బాధ్యతారాహిత్యం. టెక్సాస్ 2011 నాటి గుర్తింపు చట్టం ఇంకా ముచ్చటైనది. పోలింగ్ కేంద్రంలో తుపాకీ లైసెన్సు చూపిస్తే చెల్లుతుంది, విశ్వవిద్యాలయం ఇచ్చిన విద్యార్థి కార్డు చెల్లదు. అదే రాష్ట్రంలోని ప్రెయిరీ వ్యూలో నల్లజాతి విద్యార్థులు చదివే ఊళ్లో ఓటు నమోదు చేసుకోవచ్చా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి 1979లో గానీ తేలలేదు.

2020లో యువతను డబ్బుతో కొనే ప్రయోగం జరిగింది. న్యూయార్క్ మాజీ మేయర్, కుబేరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఇన్‌స్టాగ్రామ్ మీమ్ పేజీలకు సొమ్మిచ్చి తన మీద తనే జోకులు వేయించుకున్నారు. మొత్తం ప్రచారానికి దాదాపు వంద కోట్ల డాలర్లు పోసి, మార్చి 3 సూపర్ ట్యూస్‌డే నాడు గెలుచుకున్నది అమెరికన్ సమోవా ఒక్కటే. 78 ఏళ్ల శాండర్స్ మళ్లీ కుర్రకారునే నమ్ముకున్నారు. కుర్రాళ్లు ఆయన్ని విడవలేదు. అయితే వర్జీనియాలో 2016లో సుమారు 7.85 లక్షలున్న డెమోక్రాట్ల ఓట్లు 13 లక్షలు దాటాయి. పెరిగిన ఓట్లలో శివారు ఇళ్లలో ఉండే నడివయసువాళ్లవి ఎక్కువ, అవి బైడెన్ వైపు పోయాయి. పోటీలో ఉన్న బుటిజెజ్, క్లోబుచర్ తప్పుకుని ముందు రోజు బైడెన్‌కు జై కొట్టడంతో 14 రాష్ట్రాల్లో పది ఆయనవయ్యాయి. యువతను ఆశించినంతగా రప్పించలేకపోయామని మర్నాడు శాండర్సే ఒప్పుకున్నారు. ఆ ఒక్క వాక్యంతో వారం రోజుల చర్చా కార్యక్రమాలు నడిచాయి.

2024లో మిషిగన్ డెమోక్రాటిక్ ప్రైమరీకి మాత్రం యువత వచ్చింది. గాజా యుద్ధం మీద ఆగ్రహంతో అరబ్ అమెరికన్లతో కలిసి, బైడెన్‌కు వేయకుండా ‘ఎవరికీ కట్టుబడం’ అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ గడికి లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. రాకపోతే సోమరి అన్న నోళ్లే వచ్చాక బాధ్యత లేదన్నాయి.

అదే ఎన్నికల్లో రిపబ్లికన్ల వైపు అందరికన్నా చిన్నవాడు, కేరళ మూలాలున్న 38 ఏళ్ల వివేక్ రామస్వామి. టిక్‌టాక్‌ను డిజిటల్ మత్తుమందని తిట్టి, యువతను చేరుకోవడానికి టిక్‌టాక్‌లోనే చేరారు. సైన్యంలోనో అత్యవసర సేవల్లోనో పనిచేయక, పౌరశాస్త్ర పరీక్షా పాసవనివారికి ఓటు వయసు 25కు పెంచాలన్నది ఆయన హామీ. జనవరి 15న అయోవాలో ఆయనకు 7.7 శాతం ఓట్లు, నాలుగో స్థానం దక్కాయి. ఆ రాత్రే పోటీ విరమించి, 77 ఏళ్ల ట్రంప్‌కు మద్దతు ప్రకటించారు.